టీచరు చేతిలో ఎంత స్వేచ్ఛ ఉండాలి? నాలుగు పద్ధతుల పోలిక, ఎవరికి ఏది నప్పుతుందో సలహా

టీచర్లకు స్వేచ్ఛ ఇచ్చే బడి మంచిదా, పాఠం మొత్తం ముందే రాసిచ్చే బడి మంచిదా? ఉద్యోగం మారాలనుకునే టీచర్లు, బడి నడిపే హెడ్‌మాస్టర్లు, పిల్లల్ని ఎక్కడ చేర్పించాలో తేల్చుకోలేని తల్లిదండ్రులు అందరూ ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ప్రశ్న ఇలా అడిగినంత కాలం జవాబు దొరకదు. టీచరు స్వేచ్ఛ అనేది ఒకటి కాదు, మూడు. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, పిల్లలకు వచ్చిందో లేదో ఎలా తేల్చాలి. పాఠ్యప్రణాళిక, బోధన, మూల్యాంకనం అని మనం పుస్తకాల్లో రాసుకునేవి ఇవే. ఒక బడి వీటిలో ఒకటి మీకిచ్చి రెండు తన దగ్గరే ఉంచుకోవచ్చు. రెండు ఇచ్చినట్టే ఇచ్చి, మూడోదాంతో ఆ రెండూ వెనక్కి లాక్కోవచ్చు కూడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడింటిలో మొదట చూడాల్సింది మూల్యాంకనం. ప్రశ్నపత్రం ఎవరు తయారుచేస్తారో, ఆ మార్కులతో ఎవరికి ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా రెండు స్వేచ్ఛలు నిజమైనవో కాదో తేలిపోతుంది.

ఇంగ్లండ్ సంగతే చూడండి. 1988 నాటి విద్యా సంస్కరణల చట్టంతో అక్కడ జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చింది. తర్వాతి కాలంలో పెరిగిన అకాడమీ బడులకు (ప్రభుత్వ నిధులతో నడిచినా స్థానిక పాలకుల అదుపులో లేనివి) దాన్ని తప్పనిసరిగా పాటించాల్సిన పని లేదని వెసులుబాటు ఇచ్చారు. కాగితం మీద అది చాలా పెద్ద స్వేచ్ఛ. కానీ ఆ బడుల పిల్లలు కూడా పదహారేళ్లకు అందరితో పాటు జీసీఎస్ఈ అనే బడి చివరి పబ్లిక్ పరీక్షలే రాయాలి. బడికి పేరు వచ్చినా పోయినా ఆ ఫలితాలతోనే. అలాంటప్పుడు పై తరగతుల్లో పాఠాలు ఎంత దూరం పక్కకు జరగగలవు? అమెరికాలో 2002 నుంచి అమలైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టమూ అంతే. సంగీతం తగ్గించమనో, సాంఘికశాస్త్రం మానేయమనో అందులో ఎక్కడా లేదు. 3 నుంచి 8 తరగతుల వరకు ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టాలని, వెనకబడ్డ బడుల మీద చర్యలుంటాయని మాత్రమే చెప్పింది. చాలా చోట్ల మిగతా సబ్జెక్టుల పీరియడ్లు వాటంతట అవే కుంచించుకుపోయాయి.

## పోల్చే ముందు ఏమేం చూడాలి

ప్రశ్నపత్రం ఎవరిదన్నది మొదటిది. దాని గురించి చెప్పాను.

రెండోది ఖాళీ పీరియడ్లు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ స్వేచ్ఛను నిలబెట్టేదీ కూల్చేదీ ఇదే. సొంతంగా ఒక యూనిట్ తయారుచేయాలంటే పాఠం రాసుకోవాలి, అభ్యాసాలు తయారుచేయాలి, ప్రశ్నలు కూర్చాలి, దిద్దడానికి కొలమానం పెట్టుకోవాలి, పాఠం అయ్యాక ఏది పనిచేయలేదో చూసుకోవాలి. రోజంతా వరసగా తరగతులున్న టీచరుకు ఇవన్నీ రాత్రిపూట ఇంట్లో చేసే పనులవుతాయి. రెండు నెలలు ఉత్సాహంగా చేస్తారు. మూడో నెలలో పాత పుస్తకం తీసి చదివిస్తారు. అందులో టీచరు తప్పేమీ లేదు, సమయం ఇవ్వకుండా స్వేచ్ఛ ఇస్తే జరిగేది అదే. టైంటేబుల్ చూడకుండా స్వేచ్ఛ గురించి ఏ యాజమాన్యం ఏం చెప్పినా నమ్మవద్దు.

మూడోది సబ్జెక్టు మీద పట్టు, అనుభవం. నాలుగోది న్యాయం: ఒకే జవాబుకు రెండు సెక్షన్లలో రెండు రకాల మార్కులు పడితే పిల్లలకు అన్యాయం జరిగినట్టే. ఐదోది కొనసాగింపు, అంటే పిల్లవాడు తరగతి మారినా బడి మారినా ఎక్కడ ఆగాడో తర్వాతి టీచరుకు తెలియడం. చివరగా, పాఠం దారి తప్పితే అది ఎవరి దృష్టికి, ఎంత త్వరగా వస్తుందన్నది.

## నాలుగు పద్ధతులు ఒక్క చూపులో

| పద్ధతి | ఏం చెప్పాలి | ఎలా చెప్పాలి | ఎలా అంచనా వేయాలి | పనిచేయాలంటే కావాల్సింది |
|---|---|---|---|---|
| రాసిచ్చిన పాఠం | పైవాళ్లు నిర్ణయిస్తారు | పైవాళ్లు నిర్ణయిస్తారు | పైవాళ్లు నిర్ణయిస్తారు | మంచి గైడు, తరగతిలోకి వచ్చి సాయం చేసే మనిషి |
| ఉమ్మడి సిలబస్, ఉమ్మడి పరీక్ష | పైవాళ్లు | టీచరు | పైవాళ్లు | సబ్జెక్టు పట్టు, తోటి టీచర్ల తోడు |
| లక్ష్యాలు ఉమ్మడివి, పాఠాలు, మార్కులు టీచర్లవి | లక్ష్యాలు పైనుంచి, పాఠాలు టీచరువి | టీచరు | టీచరే, బయటివాళ్లు సరిచూస్తారు | ఖాళీ పీరియడ్లు, కలిసి దిద్దే అలవాటు |
| పూర్తి స్వేచ్ఛ | టీచరు | టీచరు | టీచరు | లోతైన అనుభవం, ఉద్యోగంలో స్థిరత్వం |

నిజజీవితంలో ఏ బడీ ఇంత శుభ్రంగా ఒకే వరుసలో ఇమడదు. చిన్న తరగతుల్లో ఒకటి, పెద్ద తరగతుల్లో ఇంకొకటి నడిపే బడులే ఎక్కువ.

## మొదటిది: రాసిచ్చిన పాఠం

టీచరు ఏం మాట్లాడాలో, ఏ ప్రశ్న అడగాలో, పిల్లలు ఎన్నిసార్లు పలకాలో అన్నీ గైడులో ఉంటాయి. అనుభవమున్న టీచర్లకు ఈ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఈ పద్ధతిని కొట్టిపారేయడం సరికాదు.

అమెరికాలో 1960ల చివర మొదలైన ప్రాజెక్ట్ ఫాలో త్రూ పేద పిల్లల కోసం రకరకాల బోధనా పద్ధతులను పక్కపక్కన పెట్టి పోల్చింది. 1977లో వచ్చిన మూల్యాంకనంలో ప్రతి మాటా ముందే రాసిపెట్టుకున్న డైరెక్ట్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతి ప్రాథమిక నైపుణ్యాల్లో ముందు నిలిచింది. ఆ పోలిక చేసిన తీరు మీద విద్యావేత్తలు అప్పట్లోనే గట్టి అభ్యంతరాలు చెప్పారు, కాబట్టి దాన్ని తుది తీర్పుగా తీసుకోనక్కర్లేదు. కానీ రాసిచ్చిన పాఠంతో పిల్లలు నేర్చుకోరనే వాదన మాత్రం దాని ముందు నిలబడదు. కెన్యా 2015లో చిన్న తరగతుల పిల్లలకు చదవడం నేర్పడానికి దేశమంతటా మొదలుపెట్టిన తుసోమే కార్యక్రమంలోనూ టీచర్లకు రోజువారీ గైడులు ఇచ్చారు. అయితే గైడు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. ప్రతి పిల్లవాడి చేతికీ పుస్తకం, తరగతి గదికి వచ్చి చూసి సలహా చెప్పే శిక్షకులు కూడా అందులో భాగం.

అక్షరాలు, కూడబలుక్కుని చదవడం, తొలి లెక్కలు, శిక్షణ అంతంతమాత్రంగా ఉన్న టీచర్లు, తరచూ మారిపోయే సిబ్బంది. ఇలాంటి చోట ఇది నప్పుతుంది.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, పిల్లలు గైడులో లేని ప్రశ్న అడిగినప్పుడు. తేలేవి, మునిగేవి పాఠం జరుగుతోందనుకోండి. నీళ్ల గిన్నెలో చెక్కముక్క వేశారు, తేలింది. ఇనుప మేకు వేశారు, మునిగింది. ఒక అమ్మాయి లేచి, "మరి అంత పెద్ద ఓడ ఇనుముదే కదా, అదెందుకు మునగదు?" అని అడిగింది. ఆ రోజు ఆ తరగతిలో అంతకన్నా విలువైన మాట ఇంకొకటి పుట్టదు. గైడులో తర్వాతి వాక్యం మాత్రం "ఇప్పుడు పట్టిక నింపించండి" అని ఉంది. ఆ మేకు బరువుకు సమానమైన రేకును దోనెలా వంచి నీళ్లలో వదిలి చూపించే వీలు ఆ టీచరుకు ఉందా, లేక పాఠం వెనకబడితే సంజాయిషీ చెప్పుకోవాలా? ఈ పద్ధతి నడిచే రెండు బడుల్లో ఏది మెరుగో తేల్చాలంటే ఈ ఒక్కటి కనుక్కుంటే చాలు. గైడు నుంచి పది నిమిషాలు పక్కకు జరగనిచ్చే బడిలో పనిచేయవచ్చు. అదీ కుదరదంటే, మొదటి ఏడాది నేర్చుకోవడానికి తప్ప ఉండదగ్గది కాదు.

## రెండోది: సిలబస్, పరీక్ష పైనుంచి, బోధన మాత్రం మీది

చాలామంది టీచర్లు పనిచేసేది ఈ పద్ధతిలోనే. దీన్ని బందిఖానా అనుకునేవాళ్లు జపాన్ వైపు ఒకసారి చూడాలి. అక్కడ ఏ తరగతిలో ఏం చెప్పాలో జాతీయ స్థాయిలోనే నిర్ణయమవుతుంది, పాఠ్యపుస్తకాలకు విద్యాశాఖ ఆమోదం ఉండాలి. అయినా బోధన విషయంలో ఆ టీచర్లు చేసే మేధోశ్రమ అసాధారణమైనది. జుగ్యో కెన్క్యూ అనే సంప్రదాయంలో కొందరు టీచర్లు కలిసి ఒకే ఒక్క పాఠాన్ని రోజుల తరబడి తయారుచేస్తారు. ఒకరు తరగతిలో చెబుతుంటే మిగతావాళ్లు వెనక నిలబడి టీచరును కాదు, పిల్లల్ని గమనిస్తారు. ఎవరు ఎక్కడ ఆగారు, ఏ అంకె చూసి తికమకపడ్డారు, ఏ ప్రశ్నకు పక్కవాడి నోటుబుక్కులోకి తొంగిచూశారు. తర్వాత కూర్చుని పాఠాన్ని తిరగరాస్తారు.

ఏం చెప్పాలన్నది అందరికీ ఒకటే కావడం వల్లే ఇది సాధ్యమవుతోంది. నేను భిన్నాలు, మీరు చతుర్భుజాలు చెబుతుంటే ఒకరి పాఠం ఇంకొకరు మెరుగుపరచలేం. సిలబస్ చేతిలో లేకపోవడం ఇక్కడ టీచర్లను ఒక దగ్గరకు చేర్చింది.

పిల్లవాడు బడి మారినా నష్టపోడు, ఒకే కొలత కాబట్టి న్యాయం గురించి పెద్దగా గొడవ ఉండదు. నష్టమల్లా పరీక్ష దగ్గరపడ్డప్పుడే. పరీక్షలో వాక్యాలు బట్టీపట్టి రాస్తే చాలనుకుంటే, ఎంత గొప్పగా చెప్పే టీచరైనా చివరి నెలల్లో ప్రశ్న-జవాబు చెప్పిస్తూ కూర్చోవాల్సిందే. అందుకే ఈ పద్ధతిలో నడిచే బడిని పాత ప్రశ్నపత్రాన్ని బట్టి అంచనా వేయాలి. ఆలోచిస్తే తప్ప రాయలేని ప్రశ్నలు అందులో ఉంటే బోధనలో మీ స్వేచ్ఛ నిజమైనదే.

## మూడోది: లక్ష్యాలు ఉమ్మడివి, పాఠాలూ మార్కులూ టీచర్లవి

నా మొగ్గు దీని వైపే. నాలుగింటిలో అన్నిటికన్నా కష్టమైనదీ, ఖర్చుతో కూడినదీ ఇదే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

ఎక్కువమంది ఉదాహరణగా చెప్పేది ఫిన్లాండ్‌ను. జాతీయ స్థాయిలో మూల ప్రణాళిక ఉంటుంది, దాన్ని స్థానిక పాలకులు, బడులు తమకు తగ్గట్టు విస్తరించుకుంటారు. 1990ల తొలినాళ్లలో బడుల తనిఖీలను, పాఠ్యపుస్తకాలకు ముందస్తు ఆమోదాన్ని ఎత్తేశారు. తొమ్మిదో తరగతి దాకా పిల్లలందరూ రాయాల్సిన జాతీయ పరీక్ష లేదు, గ్రేడు టీచరే ఇస్తారు. ఇంతవరకు అందరూ చెబుతారు. చెప్పనిది ఏమిటంటే, తరగతి టీచరు కావాలన్నా అక్కడ మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, ఆ నియమం 1970ల చివర నుంచీ ఉంది. అంటే స్వేచ్ఛ కన్నా ముందే చదువు వచ్చింది. రెండో సంగతి, అన్ని అర్హతలున్న ఆ టీచర్లు ఇచ్చిన గ్రేడుల్లో కూడా తేడాలు బయటపడ్డాయి. ఒకే స్థాయి ఉన్న పిల్లలకు వేర్వేరు బడుల్లో వేర్వేరు గ్రేడులు వస్తున్నాయని తేలడంతో, ఏ గ్రేడుకు ఎంత రావాలో మరింత వివరంగా చెప్పే ప్రమాణాలు తెచ్చి 2021 నుంచి అమలు చేస్తున్నారు.

టీచర్లు నిజాయితీగా ఉంటే సరిపోదా అనేవాళ్లకు ఒక జవాబు పత్రం చూపిస్తాను. ప్రశ్న: 1/2 + 1/3 ఎంత? నాలుగు మార్కులు. పిల్లవాడు 2/5 అని రాశాడు. పైనవి పైన, కిందవి కింద కూడేశాడు, అందరికీ తెలిసిన తప్పే. కానీ పక్కన చిన్న అక్షరాలతో, "ఇది సగం కంటే తక్కువ వచ్చింది. సగానికి ఇంకా కలిపితే తగ్గకూడదు. ఎక్కడో తప్పు చేశాను" అని రాసుకున్నాడు. జవాబు తప్పు కాబట్టి సున్నా అంటారు ఒక టీచరు. పద్ధతి తెలియదు, అయినా ప్రయత్నించాడు, ఒక మార్కు అంటారు ఇంకొకరు. భిన్నం అంటే ఎంత పరిమాణమో వీడికి తెలుసు, తన తప్పు తనే పట్టుకున్నాడు, రెండు మార్కులకు తక్కువ ఇవ్వను అంటారు మూడోవారు. ముగ్గురూ నిజాయితీపరులే. వాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని, మనం ఈ ప్రశ్నతో కొలుస్తున్నది కూడే పద్ధతినా, భిన్నం మీద అవగాహననా అని తేల్చుకోనంత కాలం ఆ పిల్లవాడి మార్కు అతని సెక్షన్ మీద ఆధారపడుతుంది. తేల్చుకున్న రోజున మాత్రం ముగ్గురూ తమ తర్వాతి పాఠాన్ని మార్చుకుంటారు. మూల్యాంకనం టీచర్ల చేతిలో ఉండాలని నేను కోరుకునేది ఇందుకే. కలిసి దిద్దడానికి మించిన శిక్షణ టీచరుకు ఇంకొకటి లేదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం దీన్ని దశాబ్దాల పాటు చేసి చూపించింది. 1970ల తొలినాళ్లలో బయటి పరీక్షలు తీసేసి, బడిలోనే టీచర్లు అంచనా వేస్తే ఇతర బడుల టీచర్ల బృందాలు నమూనా పత్రాలను సరిచూసే ఏర్పాటు చేసుకుంది. ఇప్పుడు కొంత వెనక్కి తగ్గింది. 2020 నుంచి పన్నెండో తరగతిలో బయటి పరీక్ష తిరిగి వచ్చింది. సైన్సు, లెక్కల్లో సాధారణంగా సగం మార్కులు, మిగతా చాలా సబ్జెక్టుల్లో పావు వంతు దానికే. చాలా దేశాల బడుల్లో నడిచే ఇంటర్నేషనల్ బాకలారియేట్ కోర్సు మధ్యదారి పట్టింది: రాత పరీక్ష బయటిది, కొంత భాగం బడిలో టీచరు దిద్దుతారు, అందులో నమూనాలు బయటి పరిశీలకులకు వెళతాయి. టీచరు ఉదారంగానో కఠినంగానో వేస్తే మార్కులు సర్దుతారు.

సరిచూసే ఏర్పాటు, శిక్షణ, సమయం లేకుండా అధికారం మాత్రం ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. సీబీఎస్‌ఈ 2009లో నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చింది. ఏడాదిలో నాలుగు ఫార్మేటివ్ (పాఠాలు జరుగుతుండగా టీచరు చేసే) పరీక్షలకు 40 శాతం, రెండు సమ్మేటివ్ (టర్మ్ చివర పెట్టే) పరీక్షలకు 60 శాతం. పదో తరగతిలో బోర్డు పరీక్ష ఐచ్ఛికమైంది. ఆలోచన మంచిదే, ఇప్పటికీ నేను దాన్ని సమర్థిస్తాను. కానీ చాలా చోట్ల అది చార్టులు, ఫైళ్లు, రికార్డులు నింపే పనిగా మారింది. 2018 నుంచి పదో తరగతి బోర్డు పరీక్ష మళ్లీ తప్పనిసరి అయింది.

## నాలుగోది: పూర్తి స్వేచ్ఛ

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పరీక్ష లేని ఐచ్ఛిక సబ్జెక్టులు, కళలు, నాటకం, సైన్సు క్లబ్బు లాంటి చోట్ల ఇది అద్భుతంగా ఉంటుంది. భాష, లెక్కలు లాంటి మెట్టుమీద మెట్టు పేర్చే సబ్జెక్టుల్లో నేను సిఫార్సు చేయను. ఆ టీచరు ఉన్నన్నాళ్లూ తరగతి వెలుగుతుంది. ఆయన వెళ్లిపోయాక, పిల్లలకు ఏం వచ్చో ఏం రాదో వచ్చే టీచరుకు చెప్పే కాగితం కూడా ఉండదు. పొగడ్త తప్ప విమర్శ వినపడని చోట మంచి టీచర్లు కూడా తమకిష్టమైన పాఠాల దగ్గరే ఏళ్ల తరబడి తిరుగుతుంటారు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

కొత్తగా చేరే టీచరైతే రెండోది ఎంచుకోండి. తోటి టీచర్లు తలుపు తీసిపెట్టి పాఠం చెప్పే బడి అయితే మరీ మంచిది. మొదటి రెండేళ్లలో సిలబస్, పాఠం, ప్రశ్నపత్రం మూడూ సొంతంగా తయారుచేయాలంటే ఏదీ సరిగా కుదరదు. మంచి గైడు ఉంటే నామోషీ పడకుండా వాడుకోండి. ప్రతి పాఠం తర్వాత దాని పక్కన మీరు మార్చాలనుకున్నది రాసుకుంటూ పోతే, మూడో ఏటికి మీ సొంత గైడు తయారవుతుంది.

అనుభవమున్న టీచరైతే మూడోది వెతుక్కోండి. జీతం కొంచెం తక్కువైనా ఖాళీ పీరియడ్లున్న చోటు మేలు. రెండో పద్ధతిలోనే ఉండిపోవాల్సి వచ్చినా నిరాశపడొద్దు. యూనిట్ టెస్టులు మీ చేతిలోనే ఉంటాయి కదా, పక్క సెక్షన్ టీచరుతో కలిసి ఒక్క ప్రశ్నపత్రం తయారుచేసి, పత్రాలు మార్చుకుని దిద్ది చూడండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

హెడ్‌మాస్టర్, యాజమాన్యం అయితే అందరికీ ఒకే కొలతలో స్వేచ్ఛ పంచకండి. పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాల మధ్య పోల్చే పీసా పరీక్షలో 42 దేశాల ఫలితాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. బడులకు నిర్ణయాధికారం ఇవ్వడం విద్యావ్యవస్థ బాగా ఎదిగిన దేశాల్లో మేలు చేసిందని, బలహీనంగా ఉన్న దేశాల్లో కీడు చేసిందని అది తేల్చింది. అది బడుల అధికారం గురించి, ఒక్కో టీచరు గురించి కాదు. అయినా మీకు పనికొచ్చే సంగతి అందులో ఉంది: తయారీ లేని చోట అధికారం అప్పగిస్తే నష్టపోయేది పిల్లలు. నేనైతే మొదట బోధనలో స్వేచ్ఛ ఇస్తాను. ఆ తర్వాత చిన్న పరీక్షలు, కలిసి దిద్దుకోవాలనే షరతుతో. పాఠాల వరుస, ఎంపిక చివర్లో. వీటిలో ఏది ఇవ్వాలన్నా ముందు టైంటేబుల్లో వారానికి ఒక ఉమ్మడి పీరియడ్ తీసిపెట్టండి. అది కుదరకపోతే మిగతావి మొదలుపెట్టకండి.

తల్లిదండ్రులైతే బ్రోషర్‌లో ఏ పద్ధతి పేరుందో వదిలేయండి. మీ పిల్లలు తరచూ ఊళ్లు మారాల్సి వస్తే రెండోది సురక్షితం. చదవడంలో బాగా వెనకబడిన పిల్లలైతే క్రమం తప్పని, ముందే రాసిపెట్టుకున్న పాఠాలే కొన్నాళ్లు ఎక్కువ మేలు చేయవచ్చు. దాన్ని చిన్నచూపు చూడకండి. ప్రశ్నలతో విసిగించే పిల్లలుంటే మూడోదాని కోసం కొంచెం దూరమైనా వెళ్లండి.

## బడికి వెళ్లినప్పుడు అడగాల్సినవి

- పోయినేడాది వార్షిక పరీక్ష ప్రశ్నపత్రం చూడవచ్చా? దాన్ని ఎవరు తయారుచేశారు?
- ఈ తరగతి టీచరుకు వారంలో ఎన్ని పీరియడ్లు ఖాళీ? ఎవరైనా సెలవు పెడితే అవి కూడా పోతాయా?
- రెండు సెక్షన్ల టీచర్లు ఒకరి పత్రాలు ఇంకొకరు ఎప్పుడైనా దిద్దారా?
- పాఠం ప్రణాళిక కంటే వారం వెనకబడితే ఏం చేస్తారు?
- పుస్తకంలో ఒక అధ్యాయాన్ని టీచరు మార్చి చెప్పిన సందర్భం ఒకటి చెప్పగలరా?

చివరి ప్రశ్న హెడ్‌మాస్టర్‌ను కాదు, స్టాఫ్ రూమ్‌లో టీచర్లను అడగండి. స్వేచ్ఛ ఉన్న బడిలో ఎవరో ఒకరు వెంటనే ఆ అధ్యాయం పేరు చెప్పి, ఏం మార్చారో, పిల్లలు ఏం చేశారో వివరించడం మొదలుపెడతారు. "మాకు ఫుల్ ఫ్రీడమ్ ఉందండీ" అని చెప్పి ఉదాహరణ కోసం ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, మీరు అడగాల్సింది ఇంకేమీ లేదు.